'వెళ్ళొస్తాను'కి ఇంగ్లీషు: రేపల్లె మీదుగా బాపట్లకు ఒక రోజు

'వెళ్ళొస్తాను' అనే మాటను ఇంగ్లీషులో ఏమనాలి? ఇరవై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్న నా వెంట తిరుగుతోంది. యూనివర్సిటీ హాస్టల్లో చేరిన కొత్తలో, సెలవులకు తెనాలి బయల్దేరుతూ వార్డెన్ గారి గది గుమ్మంలో నిలబడి, "ఐ విల్ గో అండ్ కమ్, మేడమ్" అన్నాను. ఆవిడ మద్రాసులో చదువుకున్న మనిషి. కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి, "ముందు గో, కమ్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. గదిలో ఉన్న అమ్మాయిలంతా నవ్వారు, నేనూ నవ్వాను. రైలెక్కి కూర్చున్నాక మాత్రం ఆలోచన పట్టుకుంది. గుమ్మం దాటుతూ 'వెళ్తున్నా' అని ఊరుకుంటే మా అమ్మమ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మాట సరిగ్గా చెప్పించి మరీ పంపేది. అమ్మమ్మ దగ్గర తప్పైన మాట వార్డెన్ గారి దగ్గర ఒప్పు; అక్కడి ఒప్పు ఇక్కడ నవ్వులాట. తర్వాత నేను ఇంగ్లీషులోనే ఎమ్మే చేశాను, తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. ఆ వాక్యం పిల్లల పేపర్లలో కనిపించినప్పుడల్లా ఎర్రసిరాతో కొట్టేస్తాను. కొట్టేసే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

మొన్న ఆగస్టులో రేపల్లె మీదుగా బాపట్ల వెళ్ళి రావడానికి కారణం కూడా ఇలాంటి మాటలే. సువార్త అని నా పాత విద్యార్థిని, ఇంటర్ అయ్యాక నర్సు ట్రైనింగు చేసి, రేపల్లెలో ఒక చిన్న నర్సింగ్ హోములో పనిచేస్తోంది. అక్కడి డాక్టరుగారు ఆ నెలాఖరుకు తలుపులు మూసి గుంటూరు వెళ్ళిపోతున్నారు. వేరే పని దొరక్కపోతే సువార్త ఊరికి తిరిగి వెళ్ళి, వాళ్ళమ్మతో పాటు నాట్లకు దిగాల్సిందే. అంతలో బాపట్ల నుంచి కబురొచ్చింది. అక్కడ చర్చి వెనక కాంపౌండులో ఒక పెద్దావిడ ఉన్నారు. ఎప్పుడో సముద్రాలు దాటి వచ్చి, నలభై ఏళ్ళు ఇక్కడి ఆడపిల్లలకు చదువు చెప్పి, రిటైరయ్యాక కూడా ఊరొదలని టీచరు. అందరూ దొరసానమ్మ అంటారు. ఈ మధ్య పక్షవాతం వచ్చింది. మనిషి కొంత కోలుకున్నారు గాని, నలభై ఏళ్ళుగా మాట్లాడిన తెలుగంతా చెరిపేసినట్టు పోయింది. ఇంగ్లీషొక్కటే మిగిలింది, అదీ పొడిపొడిగా. దగ్గరుండి చూసుకోవడానికి ఇంగ్లీషు మాట్లాడే నర్సు కావాలన్నారు. ఉండడానికి గది, నెల నెలా జీతం. సువార్త ఎస్‌టీడీ బూతు నుంచి కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసింది. "మేడమ్, నాకు ఇంగ్లీషు చదవటం వచ్చండి, రాయటం వచ్చండి. మంచంలో ఉన్న మనిషితో మాట్లాడటం రాదండి. దార్లో నేర్పుతారా?" అంది. దారిలో నేర్పగలిగే విద్యేనా అది అని సందేహిస్తూనే సరేనన్నాను.

ఈ చుట్టు ప్రయాణం చెయ్యాలనుకునే వాళ్ళు తెనాలిలో పొద్దున్నే రేపల్లె పాసింజరు పట్టుకుంటే మంచిది. ఆరు దాటాక బయల్దేరుతుంది, టిక్కెట్టు ఆరు రూపాయలకు మించదు, గంటన్నర లోపే దించుతుంది. చినరావూరు దాటగానే ఊరు వెనకబడి నీళ్ళు మొదలవుతాయి. ఆగస్టు కాబట్టి కాలవలు నిండుగా ఉన్నాయి; ఒక మడిలో నారు, పక్క మడిలో నాట్లు, ఆ పక్కదానిలో ఇంకా ఆకాశమే. వేమూరులో పాలక్యాన్లు ఎక్కాయి, వాటితోపాటు వాటి చప్పుడు. చరిత్ర మీద ఇష్టమున్నవారు భట్టిప్రోలులో దిగి బౌద్ధ స్తూపం చూసుకుని తర్వాతి బండిలో వెళ్ళొచ్చు. నేను దిగలేదు. రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. బండి ఇక ముందుకు పోయేది లేదన్న ధీమాతో అక్కడ ఎవరూ తొందరపడరు. ప్లాట్‌ఫారం మీదికి రైసు మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంటే, ఆ వాసనలో సువార్తా, వాళ్ళమ్మ మరియమ్మా నిలబడి ఉన్నారు. సువార్త తెల్ల చీర కట్టుకుంది. మరియమ్మ చేతిలో క్యారేజీ.

"మా పిల్ల రాత్రి నిద్రలో కూడా ఇంగ్లీషే మాట్లాడింది మేడంగారూ," అంది మరియమ్మ. "ఏం మాట్లాడిందో నాకు తెలవదు గానీ, నన్నే తిట్టినట్టుంది."

"నిన్నెందుకు తిడతానే, నువ్వూరుకో," అంది సువార్త.

స్టేషన్ బయట టిఫిన్ హోటల్లో కూర్చున్నాం. ఇడ్లీ వేడిగా ఉంటుంది, అల్లప్పచ్చడి అడిగితేగాని వెయ్యరు, అడగండి. సువార్త సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. నెల రోజుల్లో ఇంగ్లీషు వచ్చేస్తుందని రైళ్ళలో అమ్ముతారే, అలాంటిది. రోగిని పలకరించడానికి అందులో 'వాట్ ఎయిల్స్ యూ' అని ఉంది. అలా అనొచ్చాండీ అని అడిగింది.

"వద్దు. ఇప్పుడెవరూ అలా అనరు. రాజుల నాటకంలో ఆస్థాన వైద్యుడు అంటాడు," అన్నాను. "హౌ ఆర్ యూ ఫీలింగ్ టుడే అను, చాలు."

"అంతేనాండీ? ఇంత చిన్న మాటకి నేను అన్ని పేజీలు బట్టీ కొట్టానా!"

"చిన్న మాటైతే మంచిదేగదే. మంచంలో ఉన్న మనిషికి వినే ఓపిక ఉండొద్దూ?" అంది మరియమ్మ. ఆ మాటతో మా మొదటి పాఠం అయిపోయింది. ఇంగ్లీషులో సహజంగా మాట్లాడటమంటే తెలిసిన మాటల్లో పెద్దదాన్ని వదిలి చిన్నదాన్ని ఎంచుకోవడమే చాలాసార్లు. మన పిల్లలకు మనం నేర్పేది మాత్రం దీనికి తలకిందులు.

హోటలాయన బల్ల దగ్గరికి రాగానే సువార్తను అభ్యాసానికి దింపాను. ఇంకో రెండిడ్లీ ఇంగ్లీషులో అడగమన్నాను. పిల్ల గొంతు సవరించుకుని, "గివ్ టూ ఇడ్లీ," అంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, "ఏంటమ్మా, ఇప్పటిదాకా అండీ అండీ అన్నావు, ఒక్కసారిగా సబ్‌ఇన్స్‌పెక్టర్‌వి అయిపోయావు? ఇంగ్లీషులో అడిగినా చట్నీ అంతే," అన్నాడు.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నాకు మాత్రం సమస్య ఎక్కడుందో అక్కడ తెలిసింది. ఆ సమస్యనే సువార్త ప్రశ్నగా అడిగింది, మరియమ్మ దగ్గర సెలవు తీసుకుని బాపట్ల బస్సెక్కి కూర్చున్న తర్వాత. "మేడమ్, మన అండీని ఇంగ్లీషులో ఎక్కడ తగిలించాలండీ?"

రేపల్లె నుంచి బాపట్లకు బస్సు చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా పోతుంది. పన్నెండు రూపాయల దాకా అవుతుంది. రోడ్డు బాగున్న రోజు రెండు గంటలు, లేని రోజు దేవుడి దయ. ఆ దారిలో చెప్పాను నేను. మనకు మర్యాద మాట చివర వస్తుంది. తాగండి, కూర్చోండి, చెయ్యివ్వండి. తోక చూసి గౌరవం తెలుసుకుంటాం. ఇంగ్లీషువాళ్ళు మర్యాదను ముందే పంపి, వెనక పని అడుగుతారు. అందుకే నీళ్ళు తాగండి అనడానికి బదులు 'వుడ్ యూ లైక్ సమ్ వాటర్' అనాలి.

సువార్త రెండుసార్లు పెదాల మధ్య అనుకుని చూసింది. "మీకు నీళ్ళంటే ఇష్టమా అన్నట్టుంది మేడమ్. దాహమేసిన మనిషికి ఇష్టమేంటండీ!"

"వాళ్ళకి అలా వినపడదమ్మా."

"సరేనండి. మరి ఆవిడ భయపడితే? మా నర్సింగ్ హోములో ఎవరన్నా భయపడితే, చెయ్యి పట్టుకుని ఏం కాదండి, ఏం కాదు అంటాం. నథింగ్ విల్ హ్యాపెన్ అనొచ్చా?"

ఒద్దన్నాను. ఆ మాట ఇంగ్లీషు మనిషికి ధైర్యం ఇవ్వదు, ఇక ఏమీ జరగదు, ఆశ వదులుకో అన్నట్టు కూడా వినపడొచ్చు. 'యూ విల్ బీ ఆల్ రైట్' అనమన్నాను. ఆమె కిటికీలోంచి పొలాలకేసి చూసింది. తర్వాత, "ఏం కాదు అంటే ధైర్యం చెప్పినట్టండి. బాగైపోతారు అంటే ఒట్టేసినట్టు. ఒట్టెయ్యటానికి నేనెవర్నండీ?" అంది. పాఠం చెప్పేవాళ్ళు ఇలాంటి చోట తొందరగా తర్వాతి అంశానికి వెళ్ళిపోతారు. నేనూ అదే చేశాను. ఇక మూడోది, అన్నిటికంటే ముఖ్యం, అన్నాను: "బయటికి వచ్చేటప్పుడు ఐ విల్ గో అండ్ కమ్ అనకు. ఐ విల్ బీ బ్యాక్ అను." అంటున్నప్పుడే వార్డెన్ గారి కళ్ళజోడు గుర్తొచ్చింది.

చెరుకుపల్లిలో జనం దిగి బస్సు కాస్త ఖాళీ అయ్యాక కండక్టరు మా సీటు దగ్గర ఆగాడు. "ఏంటమ్మా, బస్సుని కాన్వెంటు చేసేశారు? ఆ చేత్తో నాకూ ఒకటి చెప్పండి. చిల్లర లేదు అన్నమాటని ఇంగ్లీషులో మర్యాదగా ఏమంటారు?"

వెనక సీట్లోంచి ఒక ముసలమ్మ అందుకుంది. "ముందు తెలుగులో మర్యాదగా చెప్పటం నేర్చుకో నాయనా, ఇంగ్లీషు దాని వెనకాల అదే వస్తది." బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, నాకు రావాల్సిన చిల్లర ఇచ్చేశాడు. కర్లపాలెం దాటాక గాలిలో ఉప్పు తగులుతుంది. సముద్రం కనిపించదు, ఉందని మాత్రం తెలుస్తుంది.

బాపట్ల బస్టాండు నీడలో మరియమ్మ కట్టిచ్చిన క్యారేజీ విప్పి, పప్పన్నం, గోంగూర పచ్చడి తిని, రిక్షాలో చర్చి కాంపౌండుకు వెళ్ళాం. రత్నం మాస్టారు అని, రిటైరైన హెడ్మాస్టరు, దొరసానమ్మ వ్యవహారాలన్నీ ఆయనే చూస్తారు. వరండాలో ఎదురొచ్చి, సువార్తను చూసి, గొంతు తగ్గించి నాతో అన్నారు: "ఉన్నమాట చెబుతానమ్మా. నిన్న గుంటూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడింది. దొరసానమ్మ గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడు వారాలుగా అవును, కాదు తప్ప ఆవిడ నోట మాట లేదు. ఎవరితో అయితే ఆవిడ ఒక్క మాట కలుపుతారో, వాళ్ళనే పెట్టాలని అనుకున్నాం." అంత ఇంగ్లీషుకే పలకని మనిషి, బస్సులో నేర్చుకున్న మూడు ముక్కలకు పలుకుతారా?

గది పెద్దది. ఎత్తైన కప్పు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను. మంచం మీద ఆవిడ చాలా చిన్నగా ఉన్నారు. తెల్లటి జుట్టును ఎవరో మన పద్ధతిలో నూనె రాసి జడ వేశారు. సువార్త మంచం పక్కకు వెళ్ళి, నేను చెప్పింది చెప్పినట్టు, "గుడ్ ఆఫ్టర్నూన్, మేడమ్. హౌ ఆర్ యూ ఫీలింగ్ టుడే?" అంది. ఆవిడ ఫ్యానునే చూస్తున్నారు. సువార్త నీళ్ళ గ్లాసు తీసుకుని, "వుడ్ యూ లైక్ సమ్ వాటర్?" అంది. ఆ చూపు ఫ్యాను మీదనుంచి దిగలేదు. మాట ఎక్కడా తడబడలేదు, ఉచ్చారణలో పెద్ద లోపం లేదు. తప్పు లేని వాక్యాలు రెండూ ఆ గదిలో కాసేపు నిలబడి ఎటూ పోలేక ఆగిపోయాయి. రత్నం మాస్టారు కండువా సర్దుకున్నారు.

ఇక మాటలు పనిచెయ్యవని అనుకుందేమో, సువార్త గ్లాసు పక్కన పెట్టి పనిలో పడింది. నలిగిన దుప్పటి అంచు లాగి దోపింది. దిండు ఎత్తి సరిచేసింది. పడిపోయిన చేతిని మెల్లగా ఎత్తి, కింద ఒక మడత గుడ్డ పెట్టింది. తర్వాత నాకేసి చూసి, పదండి అన్నట్టు తల ఊపి, గుమ్మం దాకా వచ్చింది. అక్కడ అలవాటు మనిషిని పట్టుకుంటుంది కదా. వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, "అమ్మా, ఐ విల్ గో అండ్ కమ్," అంది.

"నో."

మంచం మీదినుంచి వచ్చింది ఆ మాట. ముగ్గురం ఆగిపోయాం. ఆవిడ తల ఇటు తిప్పారు. ఒక్కో మాటనూ ఎక్కడినుంచో తోడుకుంటున్నట్టు, ఇంగ్లీషులో అన్నారు: "నాట్... గో అండ్ కమ్. ఐ విల్ బీ బ్యాక్. సే ఇట్."

సువార్త బిగుసుకుపోయి, "ఐ విల్ బీ బ్యాక్," అంది.

"అగైన్."

ఇంకోసారి అంది. నా పెదాలు కూడా కదిలాయని తర్వాత తెలిసింది. ఆవిడ పనిచేసే చేతి వేలు దుప్పటి మీద తాళం వేసినట్టు ఆడుతోంది. మూడోసారికి, "గుడ్ గర్ల్," అన్నారు. మొహంలో ఒక పక్క కదల్లేదు, రెండో పక్క నిండా నవ్వు.

వరండాలోకి వచ్చాక సువార్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీరు మరీ మరీ చెప్పిందే తప్పు పలికాను మేడమ్. టీచరమ్మ పట్టేసుకుంది. ఈ ఉద్యోగం పోయినట్టేనండి."

రత్నం మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "పోవటమేంటమ్మా! ఒకటో తారీఖున సామాను తెచ్చుకో," అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "నలభై ఏళ్ళు ఈ ఒక్క మాట మీద మా పిల్లలతో పోట్లాడిందమ్మా ఈవిడ. తమాషా ఏంటంటే, వచ్చిన కొత్తలో ఎవరింటికన్నా వెళ్ళి లేచేటప్పుడు, తెలుగులో నేను పోతున్నాను అనేదట. ఇంటి ఆడవాళ్ళు చెంపలేసుకుని, అయ్యో, అలా అనకూడదమ్మా, వెళ్ళొస్తాననాలి అని నేర్పారు. అప్పట్నుంచి ఒక్కరోజు కూడా తప్పలేదు. తెలుగులో ఎప్పుడూ వెళ్ళొస్తానే. ఇంగ్లీషులో మాత్రం ఒప్పుకునేది కాదు. ఏ భాష మర్యాద ఆ భాషదే, కలిపితే రెండూ చెడతాయి అనేది."

బస్టాండు దగ్గర టీ తాగుతూ సువార్త తేరుకుంది. తిరుగు బస్సులో రేపల్లె వెళ్ళి వాళ్ళమ్మకు చెప్పాలి. నేను సాయంత్రం పాసింజరుకు తెనాలి. గ్లాసు కింద పెట్టి, ఏదో లెక్క తేలనట్టు నావైపు చూసింది.

"మేడమ్, ఒకటడుగుతాను, నవ్వొద్దండి. ఒకటో తారీఖునుంచి నేను కరెక్టుగా మాట్లాడాలా, తప్పుగా మాట్లాడాలా?"

నవ్వొద్దంది గాని నవ్వేశాను. తను నవ్వలేదు. "నిజంగానే అడుగుతున్నానండి. కరెక్టుగా మాట్లాడితే ఆవిడ ఫ్యాను చూస్తారు. తప్పు మాట్లాడితే టీచరైపోతారు. కావాలని తప్పు మాట్లాడితే మోసం చేసినట్టు ఉండదాండీ? మరి రోజూ సరిచేయించుకుని నేర్చేసుకుంటే, తర్వాత ఆవిడకి ఏం మిగుల్తుంది?"

అంతలో బస్సు కదలబోతోందని కండక్టరు కేకేశాడు. నా జవాబు కోసం ఆగకుండా పరిగెత్తి ఎక్కింది. కిటికీలోంచి చెయ్యూపుతూ, "వెళ్ళొస్తానండీ!" అని అరిచింది. ఆ మాటకు మాత్రం ఇద్దరిలో ఎవరమూ సందేహపడలేదు.

అప్పికట్ల, నిడుబ్రోలు, చుండూరు మీదుగా పాసింజరు తీరిగ్గా నడుస్తుంటే నేను కిటికీ పక్కన కూర్చుని ఆ రోజును వెనక్కి తిప్పుకున్నాను. ఇంగ్లీషు సహజంగా మాట్లాడాలంటే పెద్ద మాట వదిలి చిన్న మాట పట్టుకోవాలి, మర్యాదను ముందు పంపాలి, మన మాటను యథాతథంగా మొయ్యకూడదు. ఇవన్నీ నిజమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, క్లాసులో అవే చెబుతాను. దొరసానమ్మా అదే చెప్పారు, ఆమె కంటే బాగా చెప్పగలిగినవారు లేరు. కాని నేను నేర్పిన రెండు మంచి వాక్యాలకు తెరుచుకోని తలుపు, నేను కొట్టేసే వాక్యానికి తెరుచుకుంది. అది ఆ తప్పు గొప్పతనమా, ఆ తప్పును దిద్దే అవసరం ఒక మనిషికి మిగిలి ఉండటమా, లేక దుప్పటి సర్దిన చేతుల చలవా, విడదీసి చెప్పలేను.

ఈ దారిలో వెళ్ళేవారికి ఒక్క సూచన. తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో, అక్కడినుంచి బాపట్లకు బస్సులో, తిరుగు మళ్ళీ రైల్లో, ఈ వరసలోనే తిరగండి. బాపట్ల నుంచి మొదలుపెడితే సాయంత్రం రేపల్లె బండి తప్పిపోయి అక్కడే ఉండిపోవాల్సి రావచ్చు. అన్నం క్యారేజీలో పట్టుకెళ్ళండి.

సువార్త ఒకటో తారీఖున చేరింది. రెండుసార్లు ఫోన్ చేసింది, దొరసానమ్మ ఇప్పుడు పూటకో వాక్యం దిద్దుతున్నారట. ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ అదే అడుగుతుంది, కరెక్టుగానా తప్పుగానా అని. కాలేజీలో ఎర్రసిరా పెన్ను తీసినప్పుడల్లా నన్ను నేనూ అడుగుతున్నాను. ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకింకా తెలియలేదు.